దాహం వేరు, తృష్ణ వేరు

“అన్నా, కోరికే దుఃఖానికి మూలం అంటున్నారు గదా, మరి మేం మిరప కోతకి కూలి పెంచమని అడగడం కూడా తృష్ణేనా?”

మా విహారంలో ఆదివారం ధమ్మ తరగతిలో ఒక అక్క అడిగిన ప్రశ్న ఇది. న్యాయమైన కోరిక వేరు, అత్యాశ వేరు అని పుస్తకంలో ఉండే జవాబే చెప్పాను. ఆమె తలూపింది గానీ ఒప్పుకోలేదు. ఏది న్యాయమో తేల్చేదెవరు అన్నది ఆమె మొహంలోనే ఉంది. కూలి అడిగిన ప్రతిసారీ “మీకు ఆశ ఎక్కువైంది” అనిపించుకున్న మనిషి ఆమె.

ఇది ఆమె ఒక్కదాని సందేహం కాదు. బాబాసాహెబ్ కూడా “బుద్ధుడు – ఆయన ధమ్మం” ముందుమాటలో నాలుగు ఆర్యసత్యాల మీద సూటిగా ప్రశ్న పెట్టారు. పుట్టుకా దుఃఖమే, బతుకూ దుఃఖమే, చావూ దుఃఖమే అయితే ఇక మనిషికి మిగిలిన ఆశ ఏమిటి? ఇది బుద్ధుడు చెప్పిందేనా, తర్వాత భిక్షువులు చేర్చిందా? ఆ పుస్తకాన్ని పదిసార్లు చదివినవాణ్ణి, ఆ అక్క అడిగినప్పుడు మాత్రం నోరు పెగల్లేదు. నాకు జవాబు దొరికింది ఎక్కడంటే నవ్వుతారు. అమెరికాలో, అరిజోనా ఎడారిలో, ఒక కొండ దారి మీద.

మా అక్క కొడుకు డాలస్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. పోయిన మేలో నన్ను రప్పించి, భార్యాభర్తలిద్దరూ కారులో గ్రాండ్ కేన్యన్ చూపించారు. తిరుగు దారిలో ఫీనిక్స్‌కు తూర్పున ఉన్న కొండలు చూద్దామన్నారు. వాటి పేరు సూపర్‌స్టిషన్ మౌంటెన్స్, అంటే మూఢనమ్మకాల కొండలు. మూఢనమ్మకాల మీద ఇరవై ఏళ్ళుగా ఉపన్యాసాలు ఇస్తున్నవాణ్ణి, పేరు వినగానే కుతూహలం పుట్టింది.

ఆ కొండలకి ఒక కథ ఉంది. జాకబ్ వాల్ట్జ్ అనే జర్మన్ వలసదారుడికి అక్కడ బంగారు గని దొరికిందట. ఆయన 1891లో ఫీనిక్స్‌లో చనిపోయాడు. గని జాడ ఎవరికీ దొరకలేదు గానీ దానికోసం వెళ్ళేవాళ్ళు ఆగలేదు. 1984 నుంచి అక్కడ కొత్తగా గనులు తవ్వడమే నిషిద్ధం. అయినా 2010 జూలైలో, మండుటెండల్లో, యూటా రాష్ట్రం నుంచి ముగ్గురు ఆ బంగారం వెతకడానికి వెళ్ళి తిరిగిరాలేదు. మరుసటి జనవరిలో వాళ్ళ అవశేషాలు దొరికాయి. కారులో మావాడు ఇదంతా చెబుతుంటే “చూశావా, తృష్ణ అంటే ఇదీ!” అని నేను పాఠం కూడా చెప్పాను.

మేం ఎక్కింది పెరాల్టా అనే దారి. కింద నుంచి ఫ్రీమాంట్ శాడిల్ అనే కనుమ దాకా రెండు మైళ్ళకి పైగా నడక, దాదాపు 1,300 అడుగుల ఎత్తు. పొద్దున్నే బయలుదేరాల్సింది, నేను టిఫిన్ దగ్గర ఆలస్యం చేయడంతో పదయింది. ముగ్గురికీ కలిపి నాలుగు లీటర్ల నీళ్ళు. దారి పొడవునా సగ్వారో జెముళ్ళు, మనిషికి నాలుగైదింతల ఎత్తు, కొమ్మల చివర తెల్లటి పూలు. వాన పడినప్పుడు నీళ్ళు పీల్చుకుని వాటి ఒళ్ళు ఉబ్బుతుంది, ఎండల్లో ముడుచుకుంటుంది. దాని పండ్లను జూన్‌లో టొహోనో ఓఢమ్ అనే ఆదివాసులు పొడుగాటి కర్రలతో రాల్చుకుంటారు.

ఎడారి ఎండలో మోసం ఏమిటంటే చెమట కనపడదు. పట్టీపట్టకముందే ఆరిపోతుంది. మన గుంటూరు ఎండలో చొక్కా తడిసి తెలుస్తుంది, అక్కడ నాలుక పిడచకట్టేదాకా తెలియదు. సగం నీళ్ళు అయిపోగానే వెనక్కి తిరగాలన్నది అక్కడ నడిచేవాళ్ళ నియమమని మావాడు ముందే చెప్పాడు. కనుమ ఎక్కేసరికే సగం కంటే ఎక్కువ అయిపోయింది. ఎదురుగా వీవర్స్ నీడిల్ అనే రాతి స్తంభం ఆకాశంలోకి దూసుకుపోయి ఉంది. ఇంకో అర మైలు పోతే ఒంటరి పైన్ చెట్టు, అక్కడినుంచి ఫోటో బాగా వస్తుంది.

“మామయ్యా, ఇక చాలు, దిగుదాం” అంది కోడలు పిల్ల.

“ఇంత దూరం వచ్చి ఇదేం మాటమ్మా” అన్నాను. మావాడు పెద్దమనిషికి ఎదురు చెప్పలేక నడిచాడు. ఫోటో దిగాం. నిజం చెప్పాలంటే అది మా జిల్లా గ్రూపులో పెట్టడానికే.

దిగేటప్పుడు దారి సగంలో నీళ్ళు అయిపోయాయి. మావాడు తన వాటా నీళ్ళు నాకూ భార్యకూ ఇస్తూ వచ్చాడని అప్పుడు తెలిసింది. పిక్కలు పట్టేసి, కళ్ళు తిరిగి ఒక బండ నీడన కూలబడ్డాడు. మాట తడబడుతోంది. నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. నా తృష్ణ వాడి దాహానికి ఉంచిన నీళ్ళు తాగేసింది. బంగారం కోసం చచ్చినవాళ్ళ మీద పాఠం చెప్పినవాడు ఒక ఫోటో కోసం పిల్లవాణ్ణి అక్కడికి తెచ్చాడు.

మా వెనకే డెబ్బై దాటిన తెల్లజాతి దంపతులు దిగుతూ వచ్చారు. ఆ పెద్దావిడ ఏమీ అడగలేదు. తన సీసా తీసి ఎండకేసి ఎత్తి, ఎంత ఉందో చూసుకుంది. మొగుడి సీసా కూడా చూసింది. కొంత తమకి ఉంచుకుని మిగతా సీసా మావాడి చేతికిచ్చింది. కొంచెం కొంచెంగా తాగమని సైగ చేసి, ఉప్పు బిస్కెట్లు పెట్టింది. వాడు మూతి పెట్టి తాగాడు. ఆమె మూతి పెట్టిన సీసానే. నా చిన్నప్పుడు ఊళ్ళో మా అమ్మ దోసిలి పడితే పైనుంచి నీళ్ళు ఎత్తి పోసేవాళ్ళు, చెంబు తగలకుండా. టీ హోటల్లో మా గ్లాసులు బయట చూరుకింద ఉండేవి. అదంతా ఆ బండ నీడన గుర్తొచ్చి నోట మాట రాలేదు, థాంక్స్ కూడా కోడలే చెప్పింది.

పాళీలో తణ్హా అన్నా, మనం తృష్ణ అన్నా, ఆ మాటకి అసలు అర్థం దప్పికే. ఒకే మాటలో రెండూ ఇరుక్కున్నాయి, అందుకే మనకీ తికమక. కానీ బుద్ధుడికి ఆ తికమక లేదు. ధమ్మపదం కథల్లో ఆళవి ఊరి సంగతి ఉంది. ఒక పేదవాడు తప్పిపోయిన ఎద్దును వెతికి, ఆకలితో ఆలస్యంగా వచ్చాడు. సభ అంతా ఎదురుచూస్తుంటే బుద్ధుడు ముందు అతనికి అన్నం పెట్టించి, తిన్నాకే ధమ్మం చెప్పాడు. భిక్షువులు గొణుక్కుంటే, ఆకలితో ఉన్నవాడికి ధమ్మం ఎక్కదని, ఆకలే పెద్ద రోగమని వివరించాడు. కోరిక చంపుకో అని ఆ పేదవాడికి చెప్పలేదు.

మహాడ్ కూడా అంతే. 1927 మార్చి 20న బాబాసాహెబ్ చవదార్ చెరువు నీళ్ళు తాగారు. ఆ నీళ్ళు లేక చచ్చిపోతామని కాదు, మనమూ మనుషులమేనని స్థాపించడానికని ఆ డిసెంబరులో ఆయనే చెప్పారు. అంటే అది ఒంటి దాహం కూడా కాదు, గౌరవం కోసం. అయినా అది తృష్ణ కాదెందుకు? మనం తాగినందుకు అక్కడ ఎవరి దాహమూ తీరకుండా పోలేదు. నేను ఆ పైన్ చెట్టు దాకా పోవడం అలాంటిది కాదు. ఇంకొకరి సీసా ఖాళీ అయ్యింది.

ఈ లెక్క దొర దగ్గర పెట్టడం మనకి తేలిక. మన దగ్గర పెట్టుకోవడమే కష్టం. వేదిక మీద కుర్చీ కోసం, ఫ్లెక్సీలో ఫోటో కోసం మనవాళ్ళమే ఎవరెవరి నీళ్ళు తాగుతున్నామో నాకు తెలుసు, నేనూ తాగాను. కూలి సంగతి కూడా ఒక్కోచోట చిక్కే. మిరప తోట చాలాసార్లు కౌలు రైతుది, అతనూ మనవాడే అయి ఉంటాడు. అక్కడ కౌలు ఎంత, పెట్టుబడి ఎంత, కూలి ఎంత అని ఆ పెద్దావిడలా సీసా వెలుతురులో పెట్టి చూడాల్సిందే.

తిరిగొచ్చాక ఆదివారం తరగతిలో ఇదంతా చెప్పాను. ఆ అక్క ఫోటో చూపించమంది. చూసి, “మీ మేనల్లుడు అప్పటికే వాడిపోయి ఉన్నాడన్నా, మీరు చూసుకోలేదు” అంది. కాసేపాగి మళ్ళీ అడిగింది.

“మరి ఆ ముసలామెకి నీళ్ళు సరిపోయినయ్యా?”

నేను అడగలేదు. వాళ్ళు మాకంటే ముందే దిగి వెళ్ళిపోయారు.