కాలు పోయిన కుక్కకు మనం ఏం బాకీ?

మా యానాది కాలనీలో కుక్కను ముచ్చటకు పెంచరు. హనుమంతునిపాడు చుట్టుపక్కల చేలల్లో ఎలుక బొరియను ముందుగా పసిగట్టేది కుక్కే. అది ముందు కాళ్లతో మట్టి తోడుతుంటే మనవాళ్లు గడ్డపార వేస్తారు. అలాంటి కుక్కకు ముందు కాలే పోతే?

మా నల్లోడికి అదే జరిగింది. అడవి పందులకని కంది చేను గట్టున పెట్టిన తీగ ఉచ్చులో ఎడమ ముందు కాలు ఇరుక్కుంది. రెండు రాత్రులు అక్కడే ఉన్నాడు. మేము వెతికి తెచ్చేసరికి తీగ బిగిసిన చోటు నుంచి పాదం దాకా నల్లబడిపోయింది. భుజం దగ్గరికి తీసేయక తప్పదన్నారు పశువుల డాక్టరు. ఉచ్చు పెట్టింది బయటివాడు కాదు. మా కాలనీవాడే, మాకు వరసకు బావ.

ఆపరేషనుకు తీసుకుపోయే ముందు మా పెదనాయన అన్నాడు: “దాన్నింకా ఏం బతికిస్తార్రా అబ్బాయ్? తవ్వలేదు, ఉరకలేదు. ఒక్క దెబ్బతో బాధ తీరిపోద్ది.”

చదువుకున్నవాళ్లకు ఈ మాట కఠినంగా ఉంటుంది. కానీ ఆయన పెరిగిన రోజుల్లో ఎలుక దొరికితేనే ఇంట్లో కూర. పని చేయని నోటికి పెట్టడమంటే పిల్లల నోటి దగ్గరిది తీయడమే. ఆయన్ని దయలేనివాడు అనడానికి మాకు నోరు రాలేదు. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కూడా, బతికించి ఉంచడమే క్రూరమయ్యే స్థితిలో ఉన్న జంతువును అధికారుల ఆజ్ఞతో చంపడానికి ఒప్పుకుంటుంది. అయితే ఆ దెబ్బతో తీరేది ఎవరి బాధ? కుక్కదా, దాన్ని చూడలేని మనదా? నల్లోడు అప్పటికీ నీళ్లు తాగుతున్నాడు. మా అమ్మ గొంతు వింటే తోక కదిలిస్తున్నాడు.

ఆయనకు బదులు చెప్పలేదు గానీ, ఆయన కాళ్ల వంక చూశాం. కనిగిరి ప్రాంతం నీళ్ల సంగతి ఇక్కడివాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. లీటరు నీటిలో ఫ్లోరైడు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. దాటిన నీళ్లు ఏళ్ల తరబడి తాగితే అది ఎముకల్లో చేరి కీళ్లు బిగుసుకుపోతాయి. పెదనాయన కర్ర లేకుండా నాలుగు అడుగులు వేయలేడు. ఆయన బొరియ తవ్వి పదేళ్లయింది. ఆయనకు ఒక్కపూట కూడా ఎవరూ అన్నం ఆపలేదు.

కాలు తీసేశాక నడకే కష్టమవుతుందనుకున్నాం. కుక్క ఒంటి బరువులో నూటికి అరవై పాళ్లు ముందు కాళ్ల మీదే పడుతుంది మరి. అయినా మూడో రోజుకే లేచి నిలబడ్డాడు. రెండు వారాలకు కుట్లు విప్పేటప్పటికి గెంతుతూ తిరుగుతున్నాడు. ఒళ్లు నేర్చుకుంది. భయమే పోలేదు. సైకిల్ చైను గలగలమంటే చాలు, మంచం కిందికి దూరి ఉచ్చ పోసుకునేవాడు. పిల్లలు చుట్టూ చేరి “అయ్యో పాపం” అంటే ఇంకా వణికేవాడు. మేమూ తప్పు చేశాం. మొదట్లో ఎత్తుకుని తిప్పాం, నోటి దగ్గరికి కూడు పెట్టాం. తర్వాత విసుగొచ్చి, అలవాటు కావాలని మెడకు తాడు కట్టి వీధిలోకి లాగాం. మా చెయ్యి కరిచాడు.

టీచర్ ట్రైనింగులో మనమంతా పావ్లోవ్ కుక్కల గురించి చదివాం. గంట, లాలాజలం వరకు రాసి మార్కులు తెచ్చుకున్నాం. ఆ కుక్కల మిగతా కథ కూడా ఉంది. 1924 సెప్టెంబరులో లెనిన్‌గ్రాడ్‌కు వరద వచ్చి ఆయన కుక్కలు బోనుల్లో మునిగిపోబోయాయి. చివరి నిమిషంలో వాటిని కాపాడారు. ఆ తర్వాత కొన్ని కుక్కలు నేర్చుకున్నదంతా మరిచిపోయాయి. తలుపు కింద నుంచి సన్నగా నీళ్లు పారినా బెదిరిపోయేవి. హాస్టలుకు కొత్తగా వచ్చి, పేరు అడిగితే నోరు విప్పని మన పిల్లల్ని ఎన్నిసార్లు మొద్దులన్నామో అప్పుడు గుర్తొచ్చింది.

ఆ తర్వాత పద్ధతి మార్చాం. జారే బండల మీద గోనె సంచులు పరిచాం. రోజూ ఒకే వేళకు, ఒకే మూలన కూడు. కాలు లేని వైపు నుంచి హఠాత్తుగా ముట్టుకోవద్దని పిల్లలకు చెప్పాం. బరువు పెరిగితే మిగిలిన కాళ్లకే చేటు కాబట్టి కూడు కొలిచి పెట్టాం. మనుషుల నొప్పి మాత్రలు మాత్రం వేయలేదు, అవి కుక్క ప్రాణం తీయగలవు. సందేహమొస్తే 1962కు ఫోన్ చేయొచ్చు. ఇక చైను చప్పుడు వీధి చివర చేయించి ఇక్కడ ఎండుచేప ముక్క వేసేవాళ్లం. చెవులు వెనక్కి వాలితే ఆ రోజుకు ఆపేసేవాళ్లం. వీధి చివర నుంచి మా గడప దాకా ఆ చప్పుడు రావడానికి మూడు నెలలు పట్టింది. ఇప్పుడు వాకిట్లో పడుకుంటాడు, రాత్రి కొత్తవాళ్లొస్తే మొరుగుతాడు. తవ్వడు.

బావ రోజూ సాయంత్రం చెరువు చేపల తలకాయలు తెస్తాడు. నల్లోడు ఆయన వెళ్లిపోయాకే తింటాడు. మొన్న ఆయన అడిగాడు: “నన్నెప్పుడు నమ్ముద్ది బావా?”

నమ్మకపోవచ్చు అన్నాం. క్షమించి తీరాలనే బాకీ కుక్కకు లేదు. బాకీ ఉన్నది మనమే. “నమ్మకపోయినా తెస్తావా?” అని అడిగాం.

ఆయన ఏమీ అనలేదు. మర్నాడు తలకాయలు తెచ్చి, ఎప్పుడూ పెట్టే రాయి మీద పెట్టి పోయాడు.