ఇంకొక్కటి మారిస్తే చాలు

ధ్యానభాగము : 1 రాజులు 21:1–16

మన పల్లెలలో సైకిలనగా పాలక్యానులు మోయునది, పొలమునకు పోవునది. పట్టణములలో దానిని ముచ్చటకై త్రొక్కువారు గలరు. హైదరాబాదు వెలుపలి వలయ రహదారి ప్రక్కన 2023లో 23 కిలోమీటర్ల సైకిలు బాటయే వేసిరి. ఒంటికి మంచి అలవాటే. మేము తప్పు పట్టము.

మేమెరిగిన యువకుడొకడు అచ్చట ఉద్యోగము చేయుచు అటువంటి సైకిలు కొనెను. మేము వారి యింటికి వెళ్లినప్పుడు అది గోడకు వ్రేలాడుచుండెను.

“త్రొక్కుట లేదా నాయనా?” అని అడిగితిమి.

“ఒక సామాను రావలెనండి అయ్యగారూ” అనెను.

సంగతి యేమనగా, వెనుక చక్రమునకు 11 పళ్లచక్రములుండెను. 12 గలది వచ్చినదని విని తెప్పించెను. ఆ యిరుకు చోటిలో పండ్రెండును ఇముడవలెనన్న చైను సన్నముగా నుండవలెను. చైను మారగా దానిని ప్రక్కకు జరుపు గేరు మారవలెను. గేరు మారగా హ్యాండిలు మీది మీట మారవలెను. అన్నియు మారిన పిమ్మట, నిన్నటివరకు బాగుగానున్న చక్రములు బరువని తోచెను! పందెపు సైకిలు 6.8 కిలోలకు తగ్గరాదని 2000 నుండి అంతర్జాతీయ నియమము గలదు. మన పాలవాని సైకిలు సుమారు 20 కిలోలుండును. ఇతనిది తొమ్మిది. అందులో అరకిలో తగ్గించుటకు రెండు నెలల జీతము పోయుచున్నాడు. నిండు నీళ్లసీసాయే ముప్పావు కిలో తూగునని తానే నవ్వుచు చెప్పెను.

మంచము క్రింద పెట్టెనిండ తీసివేసిన సామాను. ఒక్కటియు చెడలేదు. “వీటితో ఇంకొక సైకిలగునండి” అని అతని తల్లి అనెను. ఊరిలో పెంకులు జారిన తమ యింటి మాట ఆమె యెత్తలేదు.

అహాబునకు రాజ్యముండెను, నగరుండెను, దంతపు మందిరముండెను. నగరు ప్రక్కనున్న ద్రాక్షతోట దొరకనందుకు మంచమెక్కి, ముఖము త్రిప్పుకొని, అన్నము మానెను. చిన్నపిల్లవాని అలుక! మొదట అతడు దొంగిలింప జూడలేదు, న్యాయమైన వెలయే ఇచ్చెదననెను. అందుచేతనే ఈ కథ మనకు దగ్గరిది. క్రొత్తగా వచ్చిన ప్రతి వస్తువును తన ప్రక్కనున్న దానిని పాతదిగా జూపును. నగరు ఎంత నిండిన అంతగా ప్రక్కతోట కంటబడెను. అయితే ఆ కోరికకు ప్రాణముతో వెల చెల్లించినవాడు అహాబు కాడు, నాబోతు. మన ముచ్చటలకు వెల చెల్లించుచున్న వారెవరో మన యిండ్లలోనే వెదకి చూతమా? పెట్టెలోని సామాను కంటె ఆ తల్లి మౌనమే మమ్మును ఎక్కువగా బాధించినది.

ఈ జబ్బు మాకు లేదని చెప్పజాలము. సంఘములు తిరుగు మా పాత సైకిలుకు క్యారియరు వేసితిమి, దానికి తగినట్లు స్టాండు మార్చితిమి, తరువాత సీటు. తిరిగి వచ్చునప్పుడు బజారులో ఒక దుకాణము ముందు మెరయుచున్న బెల్లు కనబడెను. మా బెల్లు మ్రోగుచునే యున్నది. అయినను కొంతసేపు అచ్చట నిలిచితిమి.