గేటు దగ్గర నాన్న

1926 మార్చిలో బొంబాయిలో ఓడెక్కిన ఒక అలహాబాదు కుటుంబం వెనిస్ మీదుగా జెనీవా చేరింది. తల్లికి క్షయ. ఆవిడ వైద్యం కోసమే ఆ ప్రయాణం. తండ్రికి ముప్పై ఆరేళ్ళు. అప్పటికే జైలు చూసి వచ్చాడు, అలహాబాదు మునిసిపాలిటీకి ఛైర్మన్‌గానూ చేశాడు. జెనీవాలో మాత్రం ఆయనకు వేరే పని పడింది. ఎనిమిదేళ్ళ కూతుర్ని బడిలో దింపి రావాలి, మళ్ళీ వెళ్ళి తీసుకురావాలి. ఆ తండ్రి జవహర్‌లాల్ నెహ్రూ. కూతురు ఇందిర. బడి పేరు ఎకోల్ ఇంటర్నేషనల్. అది పెట్టి అప్పటికి రెండేళ్ళు కూడా నిండలేదు.

ఊరంతటికీ ఛైర్మన్‌గా చేసిన మనిషి బడి గేటు ముందు పిల్ల కోసం ఎదురుచూడటం తలచుకుంటే కాస్త నవ్వొస్తుంది. కానీ ఆ గేటు దగ్గర హోదాలు చెల్లవు. అక్కడ ఎవరైనా సరే, ఫలానా పిల్ల వాళ్ళ నాన్న. అంతే.

అంతకు కొన్నాళ్ళ ముందు ఆ ఇంట్లో ఇదే పిల్ల చదువు గురించి పెద్ద రగడే జరిగింది. తాతగారు మోతీలాల్ మనవరాలిని అలహాబాదులో సెయింట్ సిసిలియా అనే తెల్లవాళ్ళ బడిలో చేర్పించారు. విదేశీ బట్టలు తగలబెట్టిన ఇంటి పిల్ల ఇంగ్లీషు దొరసానుల బడికి వెళ్ళడమేమిటని కొడుకు పట్టుబట్టాడు. మాట గాంధీగారి దాకా పోయింది. చివరికి బడి మాన్పించి ఇంటికే పంతుళ్ళను పిలిపించారు. మన ఇళ్ళలో ‘తెలుగు మీడియమా, ఇంగ్లీషు మీడియమా’ అని మామగారికీ కోడలికీ నడిచే వాదన లాంటిదే ఇదీ. అంత పట్టుదల చూపిన తండ్రి, పరాయి ఊళ్ళో ఇంగ్లీషూ ఫ్రెంచీ నడిచే బడి ముందు నిలబడ్డాడు. దీన్ని మాట తప్పడం అనలేం. ఊరు మారితే బడి గురించి అడగాల్సిన ప్రశ్నలూ మారతాయి.

ఆ బడి కూడా అలాంటి ప్రశ్నలోంచే పుట్టింది. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత నానాజాతి సమితి జెనీవాలో కొలువుదీరింది. అంతర్జాతీయ కార్మిక సంస్థ కూడా అక్కడే. ఈ రెండు ఆఫీసుల్లో పనిచేయడానికి ఎక్కడెక్కడి నుంచో డాక్టర్లు, విలేకరులు, ఆర్థికవేత్తలు, గుమాస్తాలు వచ్చారు, వాళ్ళ వెంట పిల్లలూ వచ్చారు. లోకానికి శాంతి ఒప్పందాలు రాసే ఈ పెద్దలకు తమ పిల్లల్ని ఎక్కడ చేర్చాలో మాత్రం పాలుపోలేదు. ఊళ్ళో బడులన్నీ ఫ్రెంచిలోనే. రేపు బదిలీ అయితే ఆ చదువు సొంత దేశంలో అతుకుతుందో లేదో. చివరికి సమితి సమాచార విభాగంలో ఉన్న అమెరికన్ ఆర్థర్ స్వీట్సర్, ఆరోగ్య విభాగం చూసే పోలెండ్ డాక్టర్ లుడ్విక్ రైష్మన్ లాంటి వాళ్ళే పూనుకున్నారు. స్విస్ విద్యావేత్త అడాల్ఫ్ ఫెరియేర్ తన ఆవరణలోని చెక్క ఇంట్లో చోటిచ్చాడు. 1924 సెప్టెంబరులో పాఠాలు మొదలైనప్పుడు పట్టుమని పదిమంది పిల్లలు లేరు. ఫెరియేర్‌కి చిన్న వయసులోనే వినికిడి పోయింది. రెండు మూడు భాషల్లో సందడి చేసే బడికి ఆయనే నీడ ఇవ్వడం చిత్రం.

ఆ అక్టోబరులోనే జపాన్‌లో, అంతకు ఏడాది కిందటి భూకంపానికి నేలమట్టమైన యోకోహామాలో, ఇంకో అంతర్జాతీయ బడి మొదలైంది. వైఎంసీఏలో ఒక గది, ఆరుగురు పిల్లలు. మొదట్లో ఇవన్నీ అవసరం కొద్దీ పెట్టుకున్న బడులే. 

ఇప్పుడు మన మండల కేంద్రాల్లో సైతం ‘ఇంటర్నేషనల్ స్కూల్’ బోర్డులు కనిపిస్తాయి. పేరులో ప్రపంచం ఉంటుంది, బెంచీ మీద పక్క వీధి పిల్లాడు ఉంటాడు. ఎగతాళికి అంటున్న మాట కాదిది. ఆ బోర్డు చూసి అప్పు చేసైనా ఫీజు కట్టే నాన్నకు తన బిడ్డ తనకంటే దూరం వెళ్ళాలన్న ఆశ ఉంది. అయితే బెంచీ మీదే ప్రపంచం కూర్చునే బడి ఎలా ఉంటుందో ఎక్కువగా తెలిసేది, ఉద్యోగం మీద టోక్యోకో జెనీవాకో వెళ్ళిన తెలుగు కుటుంబాలకే.

వాళ్ళకు మొదట ఎదురయ్యే చిక్కు ర్యాంకు. ఇంటర్నేషనల్ బాకలారియేట్ అనే విద్యాసంస్థ 1968లో జెనీవాలోనే ఏర్పడింది. దాని వెనక ఇందిర చదివిన ఎకోల్ ఇంటర్నేషనల్ టీచర్ల శ్రమ చాలా ఉంది. ఆ సంస్థ 1997లో మూడు నుంచి పన్నెండేళ్ళ పిల్లల కోసం ప్రాథమిక పాఠ్యక్రమం తెచ్చింది. అందులో ‘మనం ఎవరం’, ‘లోకం ఎలా పనిచేస్తుంది’ లాంటి ఆరు పెద్ద అంశాల చుట్టూ చదువు తిరుగుతుంది. పేరెంట్స్ మీటింగ్‌లో టీచరు పక్కన కూర్చుంటే, ఏడేళ్ళ పిల్లాడే అమ్మానాన్నలకు తన ఫైలు విప్పి చూపిస్తాడు. ఇక్కడ నాకు వచ్చింది, ఇక్కడ ఇంకా రాలేదు అని తనే చెబుతాడు. నాన్న అంతా శ్రద్ధగా విని, లేవబోతూ అడుగుతాడు: “చాలా సంతోషమండీ. ఇంతకీ మావాడు క్లాసులో ఎన్నోవాడు?”

క్లాసులో ఉన్నదే ఏడుగురు. ఎన్నోవాడైతే ఏం?

అయినా ఆ రాత్రి ఇంట్లో పన్నెండో ఎక్కం మొదలవుతుంది. రేపు ఇండియా వెళ్ళిపోవాల్సి వస్తే అన్న భయం ఆ ఎక్కంలో ఉంది. అది అనవసరపు భయమని కొట్టిపారేయలేం కూడా.

ఇలాంటి చిన్న బడిలో సుఖమూ కష్టమూ రెండూ ఆ ఏడుగురి దగ్గరే ఉన్నాయి. టీచరుకు ప్రతి పిల్లా తెలుసు. ఎవరికి వేరుశనగ పడదో, ఎవరి తమ్ముడికి జ్వరమో తెలుసు. పెద్ద బడిలో నోరు విప్పని పిల్ల ఇక్కడ నాటకంలో రాణి అవుతుంది, ఆ వేషానికి ఇంకో మనిషి దొరకదు గనక. అదే పిల్ల ఈడు ఆడపిల్ల ఇంకొకతే ఉండి, ఆమెతో పచ్చి అయిందనుకోండి, ఆ ఏడాదంతా ఒంటరితనమే. పెద్ద బడిలో ఇంకో జట్టు చూసుకోవచ్చు. ఇక్కడ ఆ వీలు లేదు. రెండు తరగతులు ఒకే గదిలో కూర్చోవడమూ మామూలే. బడి సంతకు సమోసాలు చేసేది, గ్రంథాలయంలో పుస్తకాలు సర్దేది, కొత్తగా వచ్చిన తల్లికి అద్దె ఇల్లు చూపించేది తల్లిదండ్రులే. ఫీజు కట్టి చదువు కొనుక్కుందామని వచ్చినవాళ్ళు కొన్నాళ్ళకు బడికి కాపలాదారులవుతారు. చుట్టాలు లేని ఊళ్ళో ఆ గేటే వాళ్ళకు రచ్చబండ.

ఇక భాష. బడిలో ఇంగ్లీషు, వీధిలో ఫ్రెంచో జపనీసో. ఆదివారం వీడియో కాల్‌లో నానమ్మ “అన్నం తిన్నావా నాన్నా?” అని అడుగుతుంది. పిల్లాడికి అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులో వస్తుంది. నానమ్మ ఫోను ఇవతలున్న కొడుకు మొహం చూస్తుంది. విచిత్రం ఏమిటంటే ఇలాంటి మంచి బడులు ఇంటి భాషను వదలొద్దనే తల్లిదండ్రులకు చెబుతాయి. మీ కథలు మీ భాషలో చెప్పండి అంటాయి. ఇంగ్లీషు కోసం ఇంత దూరం వచ్చినవాళ్ళకు ఆ సలహా వింతగా తోస్తుంది. పిల్లాడికి ఆరో ఏడు దాటాక దాని విలువ తెలుస్తుంది, అప్పటికి కొంత చేజారి ఉంటుంది. ఈ లెక్కలో బడిని తప్పుపట్టడం న్యాయం కాదు. తెలుగు నేర్పాల్సిన బడి ఇల్లే.

1950లలో రూత్ హిల్ ఉసీమ్ అనే అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త మన దేశంలో ఉంటూ, ఇక్కడ ఉద్యోగాలు చేసే అమెరికన్ కుటుంబాలను పరిశీలించింది. ఆ పిల్లలు పూర్తిగా అమెరికా వాళ్ళూ కారు, భారతీయులూ కారు. వాళ్ళను ఆమె ‘మూడో సంస్కృతి పిల్లలు’ అంది. మన అమ్మమ్మలైతే రెంటికీ చెడ్డ రేవడి అనేస్తారు. ఉసీమ్ చూపు దయగలది. అమ్మమ్మల మాటా పూర్తిగా అబద్ధం కాదు. పెద్దయ్యాక “మీది ఏ ఊరు?” అంటే చటుక్కున జవాబు చెప్పలేని మనుషులు అందుకు సాక్ష్యం.

అన్నిటికంటే కష్టమైన నెల జూన్. ఎవరి కాంట్రాక్టు ముగిసిందో, ఎవరి నాన్నకు బదిలీ అయిందో ఆ నెలలో బయటపడుతుంది. ఏడుగురిలో ఇద్దరు వెళ్ళిపోతే క్లాసు సగం ఖాళీ అయినట్టే ఉంటుంది. పిల్లలు నాలుగు రోజులు ఏడ్చి మరచిపోతారని పెద్దలు అనుకుంటారు. నిజానికి ఎక్కువ రోజులు బెంగ పడేది గేటు దగ్గర కబుర్లకు అలవాటుపడ్డ తల్లులు.

ఇందిర కూడా ఆ బడిలో ఎక్కువ కాలం లేదు. తల్లికి వైద్యం స్విస్ కొండల్లోని మొంటానాకు మారింది. పిల్ల బెక్స్ అనే ఊళ్ళో హాస్టలు బడికి వెళ్ళింది. 1927 డిసెంబరుకి అందరూ ఇండియా చేరారు. జెనీవాలో ఆ బడిని కన్న నానాజాతి సమితి 1946లో మూతపడింది. బడి మాత్రం ఇంకా నడుస్తోంది.

1928 వేసవిలో ఇందిర ముస్సోరీలో ఉంది, నెహ్రూ అలహాబాదులో. ఈసారి దింపడానికి గేటు లేదు. అందుకని ఆయన ఉత్తరాలు మొదలుపెట్టాడు. భూమి ఎలా పుట్టింది, మొదటి ప్రాణులు ఏవి, భాషలూ జాతులూ ఎలా ఏర్పడ్డాయి అని పదేళ్ళ పిల్లకు 30 ఉత్తరాలు. మరుసటి ఏడాది అవి పుస్తకంగా వచ్చాయి. ఆ ఉత్తరాలన్నీ ఆయన ఇంగ్లీషులోనే రాశాడు. హిందీలోకి తెచ్చినవాడు ప్రేమ్‌చంద్.