ఇరవై నిమిషాలు

గుంపుగా ఊళ్ళు చూడబోయేవాళ్ళకు ఒక ధర్మసందేహం తప్పదు. బస్సులో నలభై మంది. అందరూ ఒకటే డబ్బు కట్టారు. మరి ఒకరికోసం మిగిలిన ముప్ఫైతొమ్మిది మందీ ఎంతసేపు ఆగాలి?

ఇటలీ వెళ్ళొచ్చిన మా వదినగారు కొండలమీది పాత ఊళ్ళు, అసిసి, ఓర్వియేతో, రెండూ ఒక్కరోజులో చూశారట. "ఎలా ఉన్నాయండీ?" అని అడిగితే, "గైడు ఎత్తి పట్టుకున్న ఎర్ర గొడుగు మాత్రం బాగా గుర్తుందమ్మా" అన్నారు!

మనవైపు కొండలెక్కడివి? అంతా బల్లపరుపు నేల. కాస్త ఎత్తు కనబడితే అది ఏ పాతకాలపు దిబ్బో అయివుంటుంది. అయినా టూర్లకేం లోటు లేదు. పొద్దున్నే బందరులో బయల్దేరితే గుడివాడలో పార్శ్వనాథుడి జైనమందిరం, ఘంటసాలలో బౌద్ధస్తూపం, శ్రీకాకుళంలో ఆంధ్రమహావిష్ణువు, మోపిదేవిలో సుబ్రహ్మణ్యస్వామి, పొద్దువాలేసరికి హంసలదీవి. ఎక్కడైనా సరే, ఇరవై నిమిషాలు. అందులో పది కాఫీలకే పోతాయి.

శ్రీకాకుళంలో నాకు నవ్వొచ్చింది. కృష్ణదేవరాయలవారు కళింగం మీదికి దండెత్తి వెళుతూ ఇక్కడ ఆగి ఏకాదశి ఉపవాసం ఉన్నారు. ఆ రాత్రి కలలో స్వామి కనబడి తెలుగులో కావ్యం రాయమన్నాడని 'ఆముక్తమాల్యద'లో ఆయనే చెప్పుకున్నారు. అంత సైన్యమూ ఆయనకోసం ఆగింది. అదే మన బస్సులో వచ్చివుంటే, కునుకు పట్టేలోగా విజిల్ వేసేసేవారు కాదూ?

రాయలవారి సంగతి సరే. మామూలు మనిషి ఆగాలనుకుంటే?

హంసలదీవి గుడి చూసుకుని పాలకాయతిప్ప సముద్రానికి వెళ్ళాం. అందరూ నీళ్ళలోకి పరుగెత్తారు. అరవైకి దగ్గరపడ్డ ఒకావిడ మాత్రం చెప్పులు చేత్తో పట్టుకుని దూరంగా నిలబడిపోయింది. దివిసీమ ఆడపడుచే. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చిననాటికి పదేళ్ళ పిల్ల. పదివేలమందికి పైగా పోయిన ఆ రాత్రి, వాళ్ళమ్మా ఇద్దరు తమ్ముళ్ళూ పోయారు. బస్సులో నా పక్కన కూర్చుంది గనక నాకు తెలిసింది.

విజిల్ వేశారు. ఆవిడ కదల్లేదు. "రండి పిన్నిగారూ, అందరికీ ఒకటే రూలు కదండీ" అన్నాడు టూరు కుర్రాడు. అతన్ననడానికీ లేదు. పసివాళ్ళు ఆకలికి ఏడుస్తున్నారు. వెనక సీటులో పెద్దాయనకు షుగరు, వేళకు తినాలి.

ఇంట్లో మనం బాలింతకూ, పిల్లవాడికీ, మామగారికీ ఒకే గరిటెతో కొలిచి పెడతామా? అక్కడ ఎవరి అవసరం ఏమిటో అడక్కుండానే తెలుస్తుంది. బస్సులో ఎలా తెలుస్తుంది? ఫోటోలు తీసుకునే అమ్మాయి కూడా పది నిమిషాలే అడుగుతుంది. పోనీ, కారణం చెప్పినవాళ్ళకే ఇద్దామంటే, ఆ పది నిమిషాలకోసం ఆవిడ తన దుఃఖాన్ని నలభై మంది ముందు విప్పి చూపించాలి. అదేం న్యాయం? ఆవిడ తరఫున నేను చెప్పడానికి మాత్రం నాకేం హక్కుంది? నోటిదాకా వచ్చిన మాట మింగేశాను.

డ్రైవరు ఆవిడవైపు ఒకసారి చూశాడు. అతనిది ఏ ఊరో నేనడగలేదు. ఇంజను ఆపేసి కిందికి దిగి, "టైర్లు చూసుకోవాలండీ, ఓ పావుగంట పడుతుంది" అన్నాడు. చేతిలో కర్రతో ఒక్కో టైరునూ నెమ్మదిగా, మూడేసిసార్లు కొట్టి చూశాడు.