నిదానము

నిదానమే ప్రధానమను సామెత నెఱుగని తెలుగువాడు లేడు. కాని అందలి మొదటిమాటకు రెండర్థములు కలవను సంగతి పెక్కురు తలపునకు దెచ్చుకొనరు. వాడుకలో నిదానమనగా తొందరపడకుండుట. వైద్యశాస్త్రమున నిదానమనగా రోగమునకు మూలకారణమును కనుగొనుట. మాధవకరుని గ్రంథమునకు మాధవనిదానమను పేరు కలుగుట ఈ రెండవ యర్థమునుబట్టియే. ఈ రెండర్థములును వేర్వేరని పైకి తోచును గాని, విచారించినచో ఒకదానిని విడిచి మఱియొకటి నిలువజాలదు. తొందరపడువానికి కారణము దొరకదు. కారణ మెఱుగక చేసిన పనికి మూల్యము నితరులు చెల్లింపవలసివచ్చును. ఈ సత్యమును మాకు కనులారా చూపినవాడు పండితుడు కాడు, వైద్యుడును కాడు. చేతులు మోచేతులదాక నల్లనూనెతో నిండిన యొక లారీ మెకానిక్కు.

ఘనపూరను పేరుగల యూళ్లు మన ప్రాంతమున ఒకటికంటె నెక్కువ కలవు. రైలుమార్గముమీద నున్న స్టేషన్ ఘనపూరును అందఱు నెఱుగుదురు. మేము చెప్పబోవునది భూపాలపల్లి జిల్లాలోనిది. కాకతీయులకాలపు కోటగుళ్లు ఇచ్చటనే యున్నవి. ఈ మండలములోని చెల్పూరున 500 మెగావాట్ల యంత్రమొకటియు, 600 మెగావాట్ల యంత్రమొకటియు గల కాకతీయ థర్మల్ విద్యుత్కేంద్రము కలదు. భూపాలపల్లి సింగరేణివారి బొగ్గుగనులు దానికి సమీపముననే యున్నవి. అందుచేత ఒకవంక శిథిలమైన గుళ్లు మౌనముగా నిలిచియుండగా, మఱియొకవంక బరువుమోయు లారీలు రేయింబవళ్లు బాటలను గదలించుచుండును. లారీలున్నచోట లారీలను బాగుచేయువారును ఉందురు.

మేము గుళ్లను జూచి మరలివచ్చుచుండగా మా బండిచక్రమున గాలి దిగిపోయెను. పంక్చరు వేయు కొట్టుప్రక్కనే యొక రేకులషెడ్డు కలదు. అచ్చట వయసు మీఱిన మెకానిక్కొకడు, అందఱును ఉస్తాదని పిలుచువాడు, పీటపై గూర్చుండి తేనీరు త్రాగుచుండెను. అంతలో నొక లారీ వచ్చి నిలిచెను. దానిని నడుపువాడే దాని యజమాని. ముప్పది యేండ్లైన నిండని యువకుడు.

"బండి గుంజుతలేదు ఉస్తాద్. పొగ నల్లగ కక్కుతున్నది" అని అతడు మొదలుపెట్టెను. నెలక్రిందట పట్టణములోని యొక షెడ్డునకు పోగా నాజిళ్లు పోయినవని చెప్పి అన్నిటిని మార్చిరట. పొగ తగ్గలేదు. పిమ్మట డీజిలుపంపును దింపి సరిచేయించిరట. అప్పటికిని తగ్గలేదు. వ్యయము 30,000 రూపాయలైనది. ఇపుడు ఇంజనునే దింపవలెనని చెప్పుచున్నారట. లారీమీది యప్పునకు రెండు కిస్తులు కట్టలేదని చెప్పునపు డతని గొంతు తగ్గినది.

ఉస్తాదు పానా చేతబట్టలేదు. ముందుగా ప్రశ్నలు వేసెను.

"ఖాళీగ పోయినప్పుడు గుడ పొగ ఒస్తదా తమ్మీ?"

"లేదు ఉస్తాద్. ఖాళీగ మంచిగనే పోతది. లోడుతోని చడావు ఎక్కితెనే ఒస్తది."

"ఇంజన్ల నూనె తక్కువైతున్నదా? నీళ్లు తాగుతున్నదా?"

"రెండు లేవు."

ఈ ప్రశ్నల ప్రయోజనము తెలియవలెనన్న డీజిలు ఇంజను పనిచేయు రీతిని కొంత యెఱుగవలెను. 1897లో జర్మనీదేశపు ఆగ్స్‌బర్గు నగరమున రుడాల్ఫ్ డీజెల్ అను నింజనీరు దీనిని నడిపి చూపెను. దీనిలో నిప్పురవ్వతో బనిలేదు. సిలిండరులోనికి వచ్చిన గాలిని పిస్టను పదునాఱవ వంతునకో, పదునెనిమిదవ వంతునకో నొక్కివేయును. ఆ నొక్కుడుచేతనే గాలి 500 డిగ్రీలకు మించి కాగును. ఆ వేడిగాలిలోనికి నాజిలు డీజిలును సన్నని తుంపరగా చిమ్మగా అది తనంత తాను మండును. కావున ఈ యంత్రమునకు ఆహారములు రెండు: డీజిలు, గాలి. పొగ నీలముగా వచ్చినచో ఇంజనునూనె కాలుచున్నదనియు, తెల్లగా వచ్చినచో కాలని డీజిలో, నీటియావిరియో పోవుచున్నదనియు ఊహింతురు. నల్లనిపొగకు డీజిలు హెచ్చగుట యొక కారణము. గాలి తక్కువగుట మఱియొక కారణము. పట్టణములోనివారు మొదటి కారణమును మాత్రమే తలచిరి. రెండవది యున్నదని వారికి తోచలేదు.

ఉస్తాదు ఇంజనును నడుమంగా నడిపించి, నాజిళ్లకు పోవు సన్నని యుక్కుగొట్టముల నట్లను ఒక్కొక్కటిగా వదులుచేసి మరల బిగించుచు వచ్చెను. ఏ నట్టు వదులైనను ఇంజనుధ్వని ఒకే రీతిగ తగ్గినది. అనగా అన్ని సిలిండర్లును సమానముగా పనిచేయుచున్నవి. తరువాత నూనె పోయు మూత తీసి చూచెను. అచ్చటినుండి పొగ ఎగదన్నలేదు. అనగా రింగులును లైనర్లును అరిగిపోలేదు. ఇంజను దింపవలసిన పని లేదు. అపుడతడు గాలి వచ్చు త్రోవను చేతితో తడవసాగెను. గాలిఫిల్టరు శుభ్రముగానే యున్నది. టర్బోనుండి బయలుదేరు రబ్బరు హోసుపైపు క్రిందివైపున నల్లని నూనెచెమ్మ యంటియుండెను. అతడా పైపును వంచగా, క్లిప్పు దగ్గఱ వ్రేలెడు చీలిక నోరు తెఱచెను. ఖాళీ బండికి టర్బో యొత్తిడి స్వల్పము గనుక చీలిక మూసికొనియుండును. బరువుతో నెత్తెక్కునపుడు ఒత్తిడి హెచ్చి, చీలిక విచ్చి, సిలిండర్లకు పోవలసిన గాలి వీధిపాలగును. పొగకును, బలహీనతకును కారణ మింతే.

పైపు మార్చుటకు పది నిమిషములైనను పట్టలేదు. ఉస్తాదు పాతపైపును యువకుని చేతబెట్టి, చీలికను వ్రేలితో విప్పి చూపి, క్రొత్తపైపు వెలగాక 500 రూపాయలు అడిగెను. నెలక్రిందట 30,000 రూపాయలు మాఱుమాటాడక ఇచ్చిన ఆ యువకుడు, "పది నిమిషాల పనికి అయిదు నూర్లా ఉస్తాద్?" అని బేరమాడెను. ఉస్తాదు నవ్వి 300 పుచ్చుకొనెను. సత్యము చెప్పవలెనన్న, ఆ క్షణమున మాకును ఆ బేరము న్యాయమనియే తోచెను. బండి యెక్కి కొంతదూరము వచ్చిన పిమ్మటగాని మా తలపులోని దోషము మాకు తెలియలేదు.

ఇచ్చట విచారింపవలసిన ధర్మసందేహము లున్నవి. పట్టణపు షెడ్డువాడు అసత్యవాది యనవచ్చునా? అతడు నాజిళ్లే పోయినవని నిజముగా నమ్మియుండవచ్చును. పొరబాటు పాపము కాదు; పొరబడని వైద్యుడును, పొరబడని మెకానిక్కును లోకమున లేరు. అయినను పరీక్షింపని నమ్మకమును నిశ్చయముగా పలుకుటయు, ఆ నమ్మకమును ఇతరుని సొమ్ముతో పరీక్షించుటయు అసత్యమునకు సమీపబంధువులు. "ఇది నా యూహ, కాకపోవచ్చును" అని ముందుగా చెప్పియుండినచో ఆ యువకుడు తన 30,000లను ఒడ్డవలెనో వద్దో తానే నిర్ణయించుకొనియుండును. ఆ నిర్ణయాధికారమును అతనినుండి తొలగించుటయే తప్పు. తెలిసినవానికిని తెలియనివానికిని నడుమ జరుగు ప్రతి వ్యవహారమునందును తెలియనివాడు కన్నులు గట్టుకొని నడచుచున్నాడు. అతని చేయి పట్టినవానికి, త్రోవ తనకు తెలియనిచోట తెలియదని చెప్పుట మొదటి ధర్మము.

కాని దోషమంతయు షెడ్డువానిదేయని తీర్పు చెప్పుట సులభము, న్యాయము కాదు. మనము దేనికి వెల యిచ్చుచున్నామో చూడుడు. ఇనుపముక్కకు ఇత్తుము. చెమటకు కొంత ఇత్తుము. ఆలోచనకు మాత్రము ఏమియు ఇయ్యము. పది ప్రశ్నలడిగి, పది నిమిషములలో కారణము పట్టినవానికి 300 రూపాయలు. కారణ మెఱుగక ఇంజను విప్పినవానికి వేలకు వేలు. ఇట్టి యేర్పాటులో నెమ్మదిగా విచారించువాడు పస్తుండును. తొందరగా విప్పువాడు మేడ కట్టును. సూది వేయనిదే వైద్యము కాదనుకొను రోగి వైద్యునిచేత అక్కఱలేని సూదులు వేయించుకొన్నట్లే, సామాను మార్చనిదే మరమ్మతు కాదనుకొను యజమాని మెకానిక్కుచేత అక్కఱలేని సామాను మార్పించుకొనుచున్నాడు. అసత్యమునకు బహుమాన మిచ్చి, సత్యముతో బేరమాడి, తరువాత లోకమున నిజాయితి లేదని వగచుట మనకు తగునా?

"లారీ ఒక్కదినము నిలిచినను కిస్తు నిలువదు. నిదానముగా విచారించుటకు తీరిక యెక్కడిది?" అని కొంద ఱనవచ్చును. ఈ యాక్షేపణలో సత్యము లేకపోలేదు. బీదవాని తొందర విలాసము కాదు, భయము. కాని ఆ యువకుని తొందర అతనికి మిగిల్చినదేమి? ఒక నెల పోయినది, 30,000 పోయినవి, పొగ మాత్రము పోలేదు. భయపడువానికే నిదానము ఎక్కువ యవసరము. ఏలయన తప్పిన ప్రయత్నమును భరించు శక్తి వానికి తక్కువ.

ఇక క్రొత్త లారీలకు ఈ విచారముతో పనిలేదని తలచువారు కలరు. 2020 ఏప్రిల్ 1వ తేదినుండి మన దేశమున బీఎస్ 6 ప్రమాణముల వాహనములే అమ్మవలెనను నియమము వచ్చినది. ఈ యింజనులకు కంప్యూటరు కలదు. స్కానరు తగిలించినచో దోషమునకు సంబంధించిన సంకేతము కనబడును. అయినను సంకేతము వేరు, కారణము వేరు. డీజిలు ఒత్తిడి తక్కువగా నున్నదని స్కానరు చెప్పును. ఫిల్టరు పూడుకొన్నదా, పంపు అరిగినదా, గొట్టము కారుచున్నదా, ఒత్తిడిని కొలుచు సెన్సరే అబద్ధమాడుచున్నదా యనునది అది చెప్పదు. జ్వరమానిని జ్వరమున్నదని చెప్పును గాని ఏల వచ్చినదో చెప్పునా? యంత్రము మాటనే నిదానమని నమ్మి సెన్సరును మార్చువాడును, వెనుకటి నాజిళ్లు మార్చినవాడును ఒకే కోవకు జెందినవారు.

ఈ క్రొత్త లారీలలో పెక్కింటియందు పొగలోని నత్రజని ఆక్సైడులను హానిలేని నత్రజనిగాను, నీటియావిరిగాను మార్చుటకు యూరియా ద్రావణమును చిమ్ము నేర్పాటు కలదు. అది చెడినపుడు దానిని బాగుచేయుటకు మాఱుగా, కంప్యూటరును మోసపుచ్చి అన్నియు సరిగా నున్నవని చూపించుమని అడుగు యజమానులు లేకపోలేదు. ఇచ్చట కారణము తెలిసియు కప్పిపుచ్చుట జరుగుచున్నది. యజమాని సంతోషించును, మెకానిక్కునకు సొమ్ము వచ్చును. ఈ వ్యవహారములో మాటయే అడుగబడని మూడవవాడు ఆ గాలి పీల్చువాడు. డీజిలుపొగ మానవులకు క్యాన్సరు కలిగించునని ప్రపంచ ఆరోగ్యసంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధనాసంస్థ 2012లో నిర్ణయించినది. ఆ పొగను అందఱికంటె ముందుగా పీల్చువారు షెడ్డులో పానాలందించు కుఱ్ఱలే. పదునాలుగేండ్లలోపు బాలురను పనిలో బెట్టరాదని 2016లో సవరింపబడిన చట్టము చెప్పుచున్నది. ఆ వయసు దాటి పని నేర్చుకొనవచ్చినవారికైనను మనము నేర్పుచున్న దేమి? ఏ నట్టునకు ఏ పానా యనునది నేర్పుచున్నాము. ఏల విప్పవలెనని అడుగు కుఱ్ఱవానిని మాత్రము గద్దించుచున్నాము. ఆ ప్రశ్నను అణచివేసిన షెడ్డులో ఉస్తాదులు పుట్టరు.

కాబట్టి చదువరులారా, మనము చేయదగిన పనులు పెద్దవి కావు. బండినైనను, దేహమునైనను బాగుచేయించుకొనునపుడు పరీక్షకు వేఱుగా రుసుము ఇచ్చుటకు సమ్మతింతము. కారణ మేమని అడుగుదము. "ఇంకను తెలియలేదు" అను ప్రత్యుత్తరము వచ్చినచో చెప్పినవానిని చులకన చేయక, వానినే నమ్ముదము. మరమ్మతు చేయువారును మార్చిన సామానును యజమాని చేతబెట్టి దోషమును చూపుట యాచారముగా జేసికొందురు గాక. ఆనాడు ఉస్తాదు చీలిన పైపును ఆ యువకుని చేతిలో బెట్టినపుడు, తెలియనివానిని ఒక్క క్షణము తెలిసినవానిగా జేసెను. ఆ మేలునకు మేమందఱము కలిసి కట్టిన వెల 300 రూపాయలు. తక్కిన 200 ఆ యువకుని ఋణమే కాదు. బేరము న్యాయమని తలచి ఊరకుండిన మా ఋణము కూడ.