అర్థమైంది సార్

పాఠం చెప్పేవాళ్లు తెలుగులో అన్నిటికన్నా ఎక్కువసార్లు అడిగే ప్రశ్న "అర్థమైందా?" అనేదే అయ్యుంటుంది. దానికి జవాబు కూడా దాదాపు ఎప్పుడూ ఒక్కటే. అరవై మంది ఉన్న క్లాసులో ఆ ప్రశ్నకీ జవాబుకీ పెద్ద అర్థం లేదు, ఒక పాఠం ముగిసి ఇంకోటి మొదలవుతోందని చెప్పే గంట లాంటివి. కానీ టేబులుకి అటొకరు, ఇటొకరు కూర్చుని చదువుకునేటప్పుడు ఆ జవాబుకి బరువొస్తుంది. అది నిజమా కాదా అన్నది ఒక ప్రశ్న. నిజం కాదేమోనన్న అనుమానం ఉండి కూడా దాన్ని పుచ్చుకుని పేజీ తిప్పే హక్కు చెప్పేవాడికి ఉందా అన్నది ఇంకో ప్రశ్న. నన్ను వదలనిది ఈ రెండోది.

నేను వృత్తిరీత్యా సాఫ్ట్‌వేర్ మనిషిని, టీచర్ని కాను. హైదరాబాదులో మేముండే అపార్ట్‌మెంటు వాచ్‌మన్ గారి అమ్మాయి పదో తరగతి చదువుతోంది. శని, ఆదివారాలు తనకి ఫిజికల్ సైన్స్ చెప్తుంటాను, అందులోనూ ఎక్కువ కెమిస్ట్రీ. కొన్నేళ్లు తెలుగు మీడియం, తర్వాత ఇంగ్లీషు. పుస్తకంలో ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లీషు. చురుకైన పిల్ల. నన్ను "సార్" అంటుంది. నాకంటే పదిహేనేళ్లు పెద్దవారైన వాళ్ల నాన్న కూడా నన్ను "సార్" అనే అంటారు. ఆ రెండో "సార్" నీడ మొదటి దాని మీద పడుతుంది. నా కారుకి గేటు తీసే మనిషి కూతురు, నేను అరగంట గొంతు చించుకున్నాక "నాకేం అర్థం కాలేదు" అనగలదా? ఇంట్లో నేర్చుకున్న మర్యాద ప్రకారం అనకూడదు. అక్కడ "అర్థమైంది" అంటే "మీరు శ్రమపడ్డారు, సంతోషం" అని. అది ఆ పిల్ల నాకిచ్చే కానుక. లేనివాళ్లు ఉన్నవాళ్లకి ఇచ్చే కానుకలన్నిటిలాగే దీన్ని తీసుకోవడం చాలా తేలిక, ఖర్చు ఎవరిదో కనపడదు.

రసాయన శాస్త్రంలో ఈ కానుక మరీ సులభంగా చేతులు మారుతుంది. కంటికి కనపడని వాటి గురించి కాగితం మీద గుర్తులతో మాట్లాడతాం. గుర్తుల్ని సరిగ్గా కదిపితే చాలు, విషయం తెలిసినట్టే. సమీకరణం తుల్యం చేయమనండి, చకచకా చేసేస్తుంది: రెండు హెచ్‌టూ, ఒక ఓటూ, రెండు హెచ్‌టూఓ. మార్కులు వచ్చేస్తాయి. ఇప్పుడు అదే బొమ్మ వేయమనండి. రెండు హెచ్‌టూఓ అంటే నాలుగు హైడ్రోజన్లూ రెండు ఆక్సిజన్లూ కలిపి ఒకే ముద్దగా గీసింది. ముందున్న 2 కీ, కింద రాసే 2 కీ తేడా గుర్తుల్లో ఉంది, ఊహలో లేదు.

ఇది ఒక్క పిల్ల సంగతి కాదు. 1987లో సూజన్ నరెన్‌బర్న్, మైల్స్ పికరింగ్ అనే ఇద్దరు అమెరికా కెమిస్ట్రీ అధ్యాపకులు కాలేజీ విద్యార్థులతో ఇదే చూశారు. వాయు నియమాల లెక్కలు సరిగ్గా చేసిన వాళ్లలో చాలామంది, ఉక్కు ట్యాంకులో ఉన్న హైడ్రోజన్‌ని చల్లబరిస్తే లోపల అణువులు ఎలా పరుచుకుని ఉంటాయో చూపే బొమ్మని ఎంచుకోలేకపోయారు. లెక్క చేయడం వేరు, తెలియడం వేరు అన్నది మనకి కొత్త సంగతేమీ కాదు. కొత్తదల్లా, మొదటిది రెండోదాన్ని ఎంత బాగా కప్పేస్తుందన్నదే.

మన భాష కూడా ఇక్కడ కొంత గందరగోళం చేస్తుంది. పాఠ్యపుస్తకంలో ఆటమ్ అంటే పరమాణువు, మాలిక్యూల్ అంటే అణువు. పేపర్లో మాత్రం అణుబాంబు, అణువిద్యుత్తు. ఆ రెండూ వచ్చేది పరమాణు కేంద్రకం నుంచి. "మరి అణుబాంబు ఎందుకన్నారు సార్?" అని తను ఒకసారి అడిగింది. ఆ రోజు పాఠమంతటిలో నేను పూర్తిగా నమ్మిన వాక్యం అదే. అర్థమైందనడానికి మర్యాద చాలు, అలాంటి ప్రశ్న అడగడానికి చాలదు.

ఒకరికి ఒకరు కూర్చుని చెప్పే చదువుకి పెద్ద పేరుంది. చదువుల యాప్‌లు చేసే మావాళ్లు బెంజమిన్ బ్లూమ్ 1984 నాటి వ్యాసాన్ని మంత్రంలా వల్లిస్తారు: ట్యూటర్ దగ్గర చదివిన సగటు విద్యార్థి, మామూలు క్లాసు విద్యార్థుల సగటు కంటే రెండు సిగ్మాలు పైన ఉంటాడని. తర్వాతి పరిశోధనల్లో అంత తేడా కనపడలేదు. 2011లో కర్ట్ వాన్‌లేన్ చేసిన సమీక్షలో అది 0.8 దగ్గర తేలింది. అంకె సంగతి అలా ఉంచితే, బ్లూమ్ చెప్పిన దానిలో ట్యూటర్ ఒక్కడే లేడు. మధ్యమధ్యలో చిన్న పరీక్ష, సరిదిద్దడం, మళ్లీ పరీక్ష కూడా ఉన్నాయి. అంటే పక్కన కూర్చున్న మనిషి మంచితనం కాకుండా, ఆ మంచితనాన్ని పట్టించుకోనిది ఇంకేదో కూడా అక్కడ పనిచేస్తోంది.

ప్లేటో 'మెనో'లో ఒక ప్రసిద్ధమైన ఘట్టం ఉంది. సోక్రటీసు మెనో బానిసల్లో ఒక కుర్రవాణ్ణి పిలిపిస్తాడు. రెండడుగుల భుజం ఉన్న చతురస్రం గీసి, దీనికి రెట్టింపు వైశాల్యం కావాలంటే భుజం ఎంతుండాలని అడుగుతాడు. కుర్రవాడు నాలుగంటాడు. గీసి చూస్తే పదహారు చదరపు అడుగులవుతుంది. మూడంటాడు. తొమ్మిది. అప్పుడు, తనకి తెలియదని ఒప్పుకుంటాడు. ఆఖరికి కర్ణం మీద చతురస్రం గీస్తే ఎనిమిది వస్తుందని తేలుతుంది. నేనేమీ నేర్పలేదు, అడిగానంతే, అంటాడు సోక్రటీసు.

ఈ మాట ఒప్పుకోవడం కష్టం. కుర్రవాడి జవాబుల్లో చాలా భాగం "అవును"లే. ఫ్రెంచి తత్త్వవేత్త జాక్ రాన్సియేర్ 1987లో రాసిన 'అజ్ఞాని గురువు' పుస్తకంలో దీన్నే గట్టిగా పట్టుకున్నాడు: సోక్రటీసు అడిగేది దారి చూపించడానికే, ఆ బానిస ఎప్పటికీ ఒంటరిగా నడవలేడని. ఆయన కథానాయకుడు జోసెఫ్ జాకొటో 1818లో లూవెన్‌లో, తన భాష రాని విద్యార్థులకి ఒక పక్క ఫ్రెంచి, ఒక పక్క డచ్చి ఉన్న పుస్తకం ఇచ్చి వదిలేశాడు. వాళ్లే నేర్చుకున్నారు. మన పదో తరగతి పుస్తకం చూసినప్పుడల్లా నాకు జాకొటో గుర్తొస్తాడు. కాకపోతే మన దగ్గర రెండు భాషల పేజీలూ గైడులోని జవాబు దగ్గరే కలుసుకుంటాయి.

రాన్సియేర్‌తో నేను సగమే ఏకీభవిస్తాను. కర్ణం సంగతి ఎత్తింది సోక్రటీసే, అక్కడ ఆయన మాట నిజం. కానీ అంతకుముందు ఆ కుర్రవాడు "తెలియదు" అన్నాడు. యజమాని పక్కనే నిలబడి ఉండగా, ఒక పెద్దమనిషి అడుగుతుండగా, ఒక బానిస ఆ మాట ఎలా అనగలిగాడు? అతను సోక్రటీసుని కాదనలేదు, సోక్రటీసూ అతన్ని కాదనలేదు. కాదన్నది బొమ్మ. పదహారు గళ్లు, తొమ్మిది గళ్లు, లెక్కపెట్టుకుంటే సరిపోయింది. కంపైలర్‌తో బతికేవాడిగా నాకిది బాగా తెలుసు. అర్ధరాత్రి కంపైలర్ నలభై తప్పులు చూపిస్తే విసుగొస్తుందేమో గానీ అవమానం కాదు. అందులో ఒక్క తప్పుని మీటింగులో సీనియర్ చూపిస్తే మొహం ఎర్రబడుతుంది.

అందుకని ఇప్పుడు టేబులు మీద పెసలూ శనగలూ పోస్తున్నాం. పెస హైడ్రోజన్, శనగ ఆక్సిజన్. రెండ్రెండు జతలుగానే ఉండాలి, నీటి ముద్దకి ఒక శనగ, రెండు పెసలు. ఒక జత పెసలు, ఒక జత శనగలు తీసుకుంటే ఒక శనగ మిగిలిపోతుంది. అది అక్కడే కూర్చుంటుంది. నేనేమీ అనక్కర్లేదు. ఇంకో జత పెసలు తనే తెచ్చుకుంటుంది. అలాగే 100 గ్రాముల నీళ్లలో 10 గ్రాముల ఉప్పు కరిగిస్తే బరువెంతని అడిగితే, ఉప్పు మాయమైంది కాబట్టి వందే అంది. వంటింటి డిజిటల్ త్రాసు 110 చూపించింది. త్రాసుకి "సార్" అనక్కర్లేదు.

ఇందులో ఒక చిక్కుంది. క్లాసులో పిల్లవాడు వెనక బెంచీలో తలదాచుకోగలడు. తెలియకపోవడాన్ని నలుగురికీ కనపడకుండా ఉంచుకోవడం కూడా మనిషికి ఉండాల్సిన హక్కే అని నా నమ్మకం. ఒంటరి ట్యూషన్లో ఆ చోటు ఉండదు. ప్రతి "అర్థమైంది"నీ అనుమానించి ఏదీ చెప్పు, ఏదీ గీయి అంటూ పోతే అది పాఠం కాదు, పోలీసు విచారణ. అందుకని గింజలు పోశాక నేను లేచి టీ పెట్టుకోడానికి వెళ్తాను, కావాలనే నెమ్మదిగా మరిగిస్తాను. ఎన్నిసార్లు తప్పిందో నేను చూడకపోతే ఆ తప్పులు తనవే, నాకు లెక్క చెప్పక్కర్లేదు.

పరీక్ష సంగతీ ఉంది. ఆ ఇంట్లో పదో తరగతి మార్కులంటే హాస్టల్ సీటు, ఫీజు రాయితీ, ఇంటరా పెళ్లి సంబంధమా అన్న చర్చ. అవగాహన మీద నాకున్న మోజు కోసం ఆ పిల్ల ఆదివారాల్ని ఖర్చుపెట్టే అధికారం నాకెక్కడిది? గింజలతో పోయే గంటలో గైడులోంచి పది ముఖ్యమైన ప్రశ్నలు బట్టీ పట్టించొచ్చు. తనని అడిగితే, "సగం సగం సార్" అంది. ఇప్పుడు మొదటి గంట గైడుది, రెండో గంట గింజలది. మొదటి గంటలో నేను "అర్థమైందా" అని అడగను. అక్కడ ఆ మాటకి పని లేదు.

మోల్ దగ్గర మాత్రం ఇద్దరం ఆగిపోయాం. 18 గ్రాముల నీళ్లంటే చిన్న చెంచాతో మూడున్నర. అందులో ఉన్న అణువులు, 6 పక్కన 23 సున్నాలు పెడితే వచ్చేటన్ని. దీనికి పెసలు చాలవు, కిరాణా కొట్టంతా చాలదు. కాదని చెప్పగలిగేది టేబులు మీద ఏదీ లేదు. గ్లాసులో ఆ మూడున్నర చెంచాల నీళ్లు పోసి పెట్టాను. తను దానివైపు చాలాసేపు చూసి "అర్థమైంది సార్" అంది. తర్వాత కాసేపటికి, "మీకు అర్థమైందా సార్?" అని అడిగింది.

నిజంగా ఊహించుకోవాలంటే నా వల్ల కాదన్నాను. గ్లాసు అలాగే ఉంచి ఆమ్లాలు, క్షారాల్లోకి వెళ్లాం.