అభిమన్యుడికి బయటికి దారి ఎవరు చూపించాలి?

పోయిన వారం వీడియోలో పద్మవ్యూహం గురించి మాట్లాడుకున్నాం కదా. చివర్లో ఒక మాట చెప్తానని చెప్పకుండానే ముగించేశాను. టైం సరిపోలేదని అన్నాను, అది సగం నిజం. మిగతా సగం ఏంటంటే, కెమెరా ముందు చెప్పడానికి సిగ్గేసింది. అందుకని ఇక్కడ రాస్తున్నా.

గుంటూరులో మా వీధి వినాయకచవితి పందిరి. నేనప్పుడు డిగ్రీ ఫైనలియర్. కమిటీలో పదిమందిమి, అందరం వాలంటీర్లమే. చందాలు వసూలు చేయడం దగ్గర్నుంచి నిమజ్జనం ట్రాక్టర్ మాట్లాడటం దాకా అన్నీ మావే. ఐదో రోజు రాత్రి హారతి అయిపోయాక, విగ్రహం వెనక కట్టిన గుడ్డ చాటున ఉన్న కరెంటు బోర్డులోంచి పొగ రావడం నేనే ముందు చూశాను. చూస్తుండగానే గుడ్డ అంటుకుంది. పక్కనున్న నీళ్ళ బిందె ఎత్తుకుని, స్వామి పేరు తల్చుకుని, గుడ్డ వెనక్కి దూరాను. నీళ్ళు నేరుగా బోర్డు మీద పోశాను.

మా ఫ్రెండు ఒకడు నా వెనకే వచ్చాడు. వచ్చినట్టు నాకు తెలీదు. వాడి చెయ్యి పందిరి ఇనప పైపు మీద ఉంది. తడి నేల, కరెంటు. ఎవరో పెద్దాయన వీధి చివర మెయిన్ ఆపబట్టి వాడు బతికాడు. కుడి అరచెయ్యి కాలింది. రెండు వేళ్ళు ఇప్పటికీ పూర్తిగా ముడుచుకోవు.

మర్నాడు నాకు శాలువా కప్పారు. పందిరి ముందు ఫ్లెక్సీలో నా ఫోటో. నిజం చెప్పాలంటే చాలా బాగా అనిపించింది.

మా మావయ్య ఫైర్ సర్వీసులో లీడింగ్ ఫైర్‌మన్‌గా చేశాడు. సాయంత్రం ఇంటికొచ్చి ఫ్లెక్సీ సంగతి ఎత్తకుండా మూడు ప్రశ్నలడిగాడు. "మెయిన్ ఎక్కడుందో నీకు ముందే తెలుసా? 101కి ఫోన్ చేసిందెవరు? నీ వెనక లోపలికి ఎవరొచ్చారో చూసుకున్నావా?" మెయిన్ తెలీదు. ఫోన్ ఎవరూ చెయ్యలేదు, ఎవరికి వాళ్ళు పక్కవాడు చేసుంటాడనుకున్నాం. వెనక ఎవరొచ్చారో చూసుకోలేదు. "మరి నువ్వు ఎవర్ని కాపాడావురా?" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. "మీకు జీతం ఇస్తారు, ట్రైనింగ్ ఇస్తారు. మేం దేవుడి పని ఊరికే చేస్తున్నాం. మమ్మల్ని కూడా అలాగే అడిగితే ఎలా?" అన్నాను. మావయ్య పెద్దగా వాదించే మనిషి కాదు. "నువ్వు జీతానికొచ్చావో సేవకొచ్చావో మంటకి తెలుస్తుందా?" అని కాఫీ తాగేసి వెళ్ళిపోయాడు.

ఆ మాట నాకు ఎక్కడానికి చాలా ఏళ్ళు పట్టింది. ఎక్కింది కూడా అభిమన్యుడి ద్వారానే.

కథ మీకు తెలిసిందే. వ్యూహంలోకి చొచ్చుకెళ్ళడం తెలుసు, బయటపడటం తెలీదు. ఆ సంగతి ఆ పిల్లాడు దాచలేదు, ముందే చెప్పాడు. అప్పుడు ధర్మరాజు, నువ్వు దారి చెయ్యి నాయనా, మేమంతా నీ వెనకే వస్తాం అని మాటిచ్చాడు. కుర్రాడు దారి చేశాడు. వెనక రావాల్సిన వాళ్ళని సైంధవుడు వాకిట్లోనే ఆపేశాడు. మనం ఈ కథ విన్నప్పుడల్లా అభిమన్యుడి వీరత్వానికి కళ్ళనీళ్ళు పెట్టుకుంటాం, పెట్టుకోవాల్సిందే. కానీ ఆ సాయంత్రం ధర్మరాజు ఏడ్చిన ఏడుపు గురించి తక్కువ మాట్లాడుకుంటాం. ఆయన ఏడ్చింది కొడుకులాంటి వాడు పోయాడని మాత్రమే కాదు, పంపింది నేనే అని. బయటికి దారి లేని చోటికి ఒకణ్ణి పంపి, ఆ దారి మేమవుతామని మాటిచ్చి, కాలేకపోయామని.

ఫైర్ సర్వీసు నియమాలు చదివినప్పుడు నాకు ఆ ఏడుపే గుర్తొచ్చింది. పొగ నిండిన బిల్డింగులోకి ఎవరూ ఒంటరిగా వెళ్ళరు. వీపున గాలి సిలిండర్ కట్టుకుని జంటగా వెళ్తారు, ఒకళ్ళనొకళ్ళు వదలరు. బయట ఒక మనిషి బోర్డు పట్టుకుని నిలబడి ఎవరు వెళ్ళారు, ఎన్నింటికి వెళ్ళారు, సిలిండర్లో ఎంత గాలి ఉంది అని రాసుకుంటాడు. గాలి తగ్గితే సిలిండర్ దగ్గర విజిల్ మోగుతుంది. విజిల్ మోగితే వెనక్కి రావాలి, ఎదురుగా ఏమున్నా సరే. అమెరికాలో 1998 నుంచి కార్మిక భద్రతా నిబంధనల్లోనే దీన్ని రాసిపెట్టారు. లోపలికి ఇద్దరు వెళ్తే, వాళ్ళని బయటికి తేవడానికి అదే సరంజామాతో ఇంకో ఇద్దరు బయట సిద్ధంగా ఉండాలి. అంటే, వెనకే వస్తాం అన్న మాటని నోటిమాటగా వదిలెయ్యకుండా మనుషుల్ని లెక్కపెట్టి నిలబెట్టారన్నమాట.

ఇక్కడ మనలో చాలామందికి ఒక అడ్డంకి వస్తుంది, నాకూ వచ్చింది. ఇవన్నీ ఉద్యోగస్థులకి కదా, సేవ చేసేవాడికి భావం ముఖ్యం కదా అని.

కానీ ప్రపంచంలో చాలా చోట్ల మంటలార్పేది వాలంటీర్లే. అమెరికాలో ఫైర్‌ఫైటర్లలో ఇంచుమించు మూడింట రెండొంతులు వాళ్ళే. న్యూజెర్సీలో మనవాళ్ళుండే చాలా ఊళ్ళలో సైరన్ మోగితే పరిగెత్తేది పక్కింటి మెకానిక్కో, స్కూలు టీచరో. చిలీలో అయితే ఫైర్‌ఫైటర్లంతా వాలంటీర్లే. జీతం లేకపోవడమే కాదు, నెల నెలా చందా వాళ్ళే కడతారు! అమెరికాలో ఫైర్‌ఫైటర్‌కి ఏమేం వచ్చి ఉండాలో చెప్పే ఒక ప్రమాణం ఉంది. అందులో జీతగాడికి ఒక పరీక్ష, వాలంటీర్‌కి ఇంకో తేలిక పరీక్ష అని లేదు. ముడి వెయ్యడం, నిచ్చెన ఎత్తడం, కళ్ళు కనపడని పొగలో గోడ పట్టుకుని పాకడం, ఇద్దరికీ ఒక్కటే.

గీతలో నిష్కామకర్మ గురించి మనం ఎన్ని వీడియోలు చేశామో లెక్కలేదు. ఫలితం ఆశించకుండా చెయ్యమన్నాడు కృష్ణుడు, సరే. రెండో అధ్యాయంలోనే, ఆ మాట చెప్పిన కాసేపటికే, పనిలో నేర్పునే యోగం అని కూడా అన్నాడు. మొదటిదాన్ని స్టేటస్ పెట్టుకుంటాం, రెండోదాన్ని వదిలేస్తాం. నేను పందిట్లో చేసింది అదే. డబ్బు ఆశించలేదు కాబట్టి నాది నిష్కామం అనుకున్నాను. శాలువా కప్పినప్పుడు నా ఒళ్ళు పొంగిన తీరు చూస్తే నా ఫలం ఏంటో దేవుడికి తెలుసు. నేర్పు మాత్రం సున్నా. కరెంటు మంట మీద నీళ్ళు పొయ్యకూడదన్నది మా మావయ్య ట్రైనింగులో మొదట్లోనే నేర్పేస్తారట. పందిట్లో ఒక డ్రై పౌడర్ సిలిండర్ పెట్టుకుని, పిన్ను లాగి మంట మొదలుకి గురిపెట్టాలని పదిమందిలో ఒక్కడికి తెలిసినా చాలు. మా బడ్జెట్‌లో డీజేకి డబ్బులున్నాయి, దానికి లేవు.

ధైర్యం ఒక్కటే ఉంటే ఏమవుతుందో మన దేశంలో ఏటా గుర్తుచేసుకుంటాం. ఏప్రిల్ 14 నుంచి 20 దాకా అగ్నిమాపక వారోత్సవాలు జరుగుతాయి. 1944 ఏప్రిల్ 14న బొంబాయి విక్టోరియా డాక్‌లో ఫోర్ట్ స్టికిన్ అనే ఓడ తగలబడింది. అందులో సుమారు 1,400 టన్నుల పేలుడు సామగ్రి, దానికి తోడు పత్తి బేళ్ళు. పత్తి సంగతి మన గుంటూరు, ప్రకాశం వాళ్ళకి చెప్పక్కర్లేదు. బేలు పైన ఎంత తడిపినా లోపల నిప్పు రాజుకుంటూనే ఉంటుంది, విప్పి పీకితే తప్ప ఆరదు. ప్రమాదకరమైన సరుకుందని చెప్పే ఎర్రజెండా ఆ ఓడ మీద లేదు. ఓడని ముంచెయ్యాలా, బయటికి లాగాలా అన్నది తేలకుండానే గంటలు గడిచిపోయాయి. ఫైర్ సిబ్బంది మాత్రం నీళ్ళు కొడుతూనే ఉన్నారు. సాయంత్రం నాలుగు దాటాక పేలింది. 66 మంది ఫైర్ సిబ్బంది పోయారు. వాళ్ళలో ధైర్యం తక్కువైన వాడు ఒక్కడూ లేడు. తక్కువైంది ధైర్యం కాదు, వెనక్కి రండి అని చెప్పగలిగిన ఒక గొంతు.

ముంబయి ఫైర్ బ్రిగేడ్ ధ్యేయవాక్యంలో మూడు సంస్కృత పదాలున్నాయి. శౌర్యం, ఆత్మసంయమనం, త్యాగం. మధ్యలో ఉన్న పదం మీద నాకు చాలాసేపు కన్ను ఆగింది. మనకి అటూ ఇటూ ఉన్న రెండే తెలుసు.

ఇంతవరకూ తేలికే. కష్టమైన ప్రశ్న ఇప్పుడొస్తుంది. లోపల నిజంగా ఒక మనిషి ఉంటే? నియమం పేరు చెప్పి బయట నిలబడితే అది ధర్మమా, పిరికితనమా?

మావయ్య ఒకే ఒక్కసారి ఒక రాత్రి గురించి చెప్పాడు. మిర్చి కోల్డ్ స్టోరేజి. గుంటూరు చుట్టూ ఇవి ఎన్ని ఉన్నాయో మీకు తెలుసు. కిటికీలుండవు, మందపాటి గోడలు, లోపల అంతస్తుల మీద అంతస్తులు టిక్కీలు. ఇంట్లో దిష్టి తీసి నాలుగు మిరపకాయలు నిప్పుల్లో వేస్తేనే వీధంతా దగ్గుతుంది. వేల టిక్కీలు కాలుతుంటే ఆ పొగ ఎలా ఉంటుందో ఊహించుకోండి. ఒక హమాలీ లోపలే ఉండిపోయాడని బయట వాళ్ళు అరుస్తున్నారు. ఎక్కడున్నాడో ఎవరికీ తెలీదు. ఇద్దరు సిలిండర్లు కట్టుకుని వెళ్ళారు, విజిల్ మోగింది, వెనక్కొచ్చారు. మళ్ళీ వెళ్తామన్నారు. అప్పటికే పై అంతస్తు కుంగుతోంది. ఆఫీసర్ వద్దన్నాడు, గోడ పగలగొట్టిద్దాం అన్నాడు. జేసీబీ వచ్చి గోడ పగిలేసరికి తెల్లారింది. ఆ మనిషి దొరికాడు. ప్రాణం లేదు.

వెనక్కొచ్చిన ఇద్దరిలో మా మావయ్య ఒకడు. "రెండోసారి వెళ్ళుంటే?" అని అడిగాను. "తెలీదురా" అన్నాడు. కాసేపాగి, "వెళ్ళకుండా ఆపినందుకు ఆఫీసర్ మీద నాకు కోపం లేదు. నా మీద కూడా లేదనుకుంటా. కానీ వాళ్ళావిడ మొహం మాత్రం పోదు" అన్నాడు.

నాకు అర్థమైనంతలో చెప్తున్నాను, మీకు వేరేగా అనిపిస్తే చెప్పండి. నియమం మనిషి ప్రాణం కంటే గొప్పదని ఎవరూ అనట్లేదు. నేను చెప్పిన ఆ అమెరికా నిబంధనలోనే, బయట ఇద్దరూ పూర్తిగా సిద్ధమయ్యేదాకా ఆగాల్సిన పనిలేదు, కళ్ళముందు ప్రాణాపాయం ఉంటే రక్షించడానికి వెళ్ళొచ్చని ఒక వెసులుబాటు ఉంది. అంటే అది రాసినవాళ్ళకీ ఆ కేక వినిపించింది. కానీ ఆ వెసులుబాటు వాడుకునే అర్హత ఎవరికుంటుంది? అన్ని రోజులూ నియమం పాటించి, ఎప్పుడు దాన్ని దాటొచ్చో తెలిసినవాడికి. బిందె పట్టుకుని దూరిన నాకు కాదు. నేను నియమం దాటలేదు, అసలు నియమం ఉందనే తెలీదు. ఆ రెండూ ఒకటి కాదు.

ఇంకోటి. నియమం పాటిస్తే బాధ పోతుందని కూడా ఎవరూ చెప్పలేదు. మన కథల్లో అలా ఎక్కడుంది? సుందరకాండ చూడండి. హనుమంతుడు లంక తగలబెట్టాక తోక సముద్రంలో ముంచి ఆర్పుకుని వెనక్కి తిరిగి చూస్తాడు. అప్పుడు ఆయన గుండె గుభేల్మంటుంది. లంకంతా కాలితే అమ్మ సంగతేంటి? ఎంత పని చేశాను, కోపంలో ఆలోచించకుండా పోయానే అని తనని తనే నిందించుకుంటాడు. మంటని నీళ్ళతో ఆర్పినట్టు కోపాన్ని ఆర్పుకోగలిగేవాళ్ళే ధన్యులు అనుకుంటాడు. సీతమ్మ క్షేమంగానే ఉంది, అది వేరే సంగతి. నాకు కావాల్సింది ఆ వెనక్కి తిరిగి చూడటం. అంతటివాడు, గెలిచిన క్షణంలో, లెక్క చూసుకున్నాడు. ఎవరూ అడగకుండానే. నన్ను ముగ్గురు మెచ్చుకునేసరికి నేను వెనక్కి చూడటం మానేశాను, మావయ్య వచ్చి చూపించాల్సి వచ్చింది.

ఈ మధ్య కోటప్పకొండ తిరునాళ్ళకి వెళ్ళినప్పుడు, ప్రభల వెలుగులో జనం ఊగిపోతుంటే పక్కన ఒక ఫైరింజన్, దాని మీద ఇద్దరు కూర్చుని ఉన్నారు. రాత్రంతా ఏం జరగలేదు. వాళ్ళకి ఎవరూ శాలువా కప్పలేదు. నేను వెళ్ళి దండం పెడితే వింతగా చూశారు.

మా వీధి పందిరి ఇప్పటికీ పెడుతున్నాం. నేను హైదరాబాద్ నుంచి చవితికి వెళ్తాను. ఇప్పుడు కరెంటు బోర్డు గుడ్డ చాటున ఉండదు, ముందే, అందరికీ కనపడేలా. పక్కన సిలిండర్, పైన అట్టముక్క మీద 101, మెయిన్ ఎక్కడుందో బాణం గుర్తు. రాత్రి కాపలా ఇద్దరిద్దరు చొప్పున. బోర్డు తాళం మా ఫ్రెండు దగ్గరే ఉంటుంది, ఆ రెండు వేళ్ళు ముడవని వాడి దగ్గర. పోయినేడు ఇంకో నాలుగు లైట్లు పెడదాం, తాళం ఇవ్వరా అని అడిగాను. ఇవ్వలేదు.